ఇంజను మారిన లారీ

లారీల సంగతి ఆడవాళ్ళకెందుకు అంటారేమో! ఎందుకు కాదు చెప్పండి? పొద్దున పప్పులో వేసే ఉప్పు దగ్గర్నుంచి సాయంత్రం జడలో తురుముకునే కనకాంబరాల దాకా ఏదో ఒక లారీ ఎక్కి దిగి మన ఇంటికి వచ్చినవే. పెళ్ళిచూపులప్పుడు కుర్రాడి జాతకం అడిగినట్టు లారీ జాతకం ఎవరూ అడగరు గాని, అడిగి చూస్తే అందులో బోలెడంత వేదాంతం ఉంది. ఇంజను మార్చిన లారీ పాత లారీయేనా, లేక కొత్త లారీయా? ఈ ఒక్క ప్రశ్న చాలు, పొయ్యి మీద పాలు పొంగిపోవడానికి.

మా చిన్న మేనమామకి బెజవాడ ఆటోనగర్లో ఒక షెడ్డు ఉంది. ఆటోనగర్ ఎరగని వాళ్ళకి చెబుతున్నాను: అక్కడ లారీకి పుట్టుక ఉంది, వైద్యం ఉంది, అంత్యక్రియలూ ఉన్నాయి. ఒక వీధిలో కొత్త ఛాసిస్‌ల మీద బాడీలు కడుతుంటారు. ఇంకో వీధిలో కమాన్ కట్టలు సరిచేస్తుంటారు. మరో వీధిలో ఇంజన్లకు బోరింగు చేస్తుంటారు. ఏ వైద్యానికీ లొంగని వాటిని ముక్కలు ముక్కలుగా విప్పి అమ్మే పాత సామాను కొట్లు సరేసరి. ఒక లారీ గుండె ఇంకో లారీకి, దాని కళ్ళు మరో లారీకి! అవయవదానం గురించి మనకి ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వక ముందే ఆటోనగర్ ఆ పుణ్యం కట్టుకుంది.

ఇంజను మార్చాలంటే ముందు ఉన్నదాన్ని తియ్యాలి. దాన్ని వాళ్ళు 'ఇంజను దించడం' అంటారు. నిజానికి చేసేది పైకి ఎత్తడం! సుమారు నాలుగైదు వందల కిలోల ఇనుముని గొలుసు వేసి, చెయిను పుల్లీతో పైకి లాగుతారు. ఎత్తే పని అరగంట. ఎత్తడానికి ముందు చేసే పనే రోజంతా ఉంటుంది.

ఎన్ని విప్పాలనుకున్నారు! చక్రాల కింద దుంగలు పెట్టి, మొదట బ్యాటరీ తీగ విప్పుతారు. రేడియేటరులో నీళ్ళు, ఇంజనులో ఆయిలు వంపేస్తారు. బ్రేకుల గాలి టాంకీ ఖాళీ చేస్తారు. బానెట్టు, రేడియేటరు తీసి పక్కన పెడతారు. డీజిలు గొట్టాలు విప్పి, విప్పిన ప్రతి మూతికీ శుభ్రమైన గుడ్డ కడతారు. పంపులోకి ఇసక రేణువు పోయినా ప్రమాదమేనట. స్టార్టరు తీగ, డైనమో తీగ, ఆయిలు మీటరు తీగ, వేడి చూపించే మీటరు తీగ - ఒక్కొక్కదానికీ చీటీ కడతారు. సైలెన్సరు గొట్టం బోల్టులు తుప్పు పట్టి కదలవు. వాటికి కిరసనాయిలు పోసి, బతిమాలి, మర్నాటి దాకా ఆగుతారు. ఆపైన లారీ కిందికి దూరి గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకి వెళ్ళే పొడుగాటి షాఫ్టు విప్పాలి. విప్పే ముందు రెండు బిళ్ళల మీదా సుద్దతోనో ఉలితోనో ఒక గీత గీస్తారు. మళ్ళీ బిగించేటప్పుడు ఆ గీతా ఈ గీతా కలవాలి. కలవకపోతే లారీ వేగం అందుకోగానే ఒళ్ళంతా వణుకుతుంది.

గేరుబాక్సు సంగతి ఇంకా సున్నితం. ఇంజను తిరిగే వేగం వేరు, చక్రాలు తిరిగే వేగం వేరు. ఈ రెంటినీ కలిపేదీ విడదీసేదీ మధ్యనున్న క్లచ్ ప్లేటు. గేరుబాక్సు నుంచి ఒక ఇరుసు ముందుకు పొడుచుకొచ్చి ఆ ప్లేటు నడుమ దూరి ఉంటుంది. దాన్ని బయటికి లాగేటప్పుడు తిన్నగా, అడ్డంగా ఊగకుండా లాగాలి. గేరుబాక్సు బరువంతా ఆ సన్నని ఇరుసు మీద వేలాడిందా, క్లచ్ ప్లేటు వంగి ఊరుకుంటుంది. అందుకని కింద జాకీ పెట్టి, చంటిపిల్ల తల కింద చెయ్యి పెట్టినట్టు పట్టుకుంటారు.

ఇన్నీ అయ్యాక మౌంటింగు బోల్టులు విప్పి, గొలుసు బిగించి, ఒక్క అంగుళం ఎత్తుతారు. ఎత్తి ఆగిపోతారు.

ఆ ఆగడమే నాకు ఎప్పుడూ అబ్బురం. మేస్త్రీ టార్చిలైటు పట్టుకుని చుట్టూ తిరుగుతాడు. కిందికి వంగుతాడు, వేళ్ళతో తడుముతాడు. ఏ మూలనో మరిచిపోయిన ఒక చిన్న తీగ బిగుసుకుని కనిపిస్తుంది. దాన్ని విప్పి, మళ్ళీ ఒక అంగుళం. "ఎత్తడానికి బలం అక్కర్లేదమ్మగారూ, చెయిను ఎత్తేస్తుంది. ఏది పట్టుకుని లాగుతోందో చూసుకోడానికే కళ్ళు కావాలి" అన్నాడు ఒకసారి.

సరే, పాత ఇంజను బయటికొచ్చింది, మరోటి లోపలికెళ్ళింది. మరి ఇది ఆ లారీయేనా?

ఓనరుని అడిగితే ముమ్మాటికీ అదే అంటాడు. నుదుటి మీద 'అమ్మ దీవెన' అని రాసిన రాత చెక్కు చెదరలేదు కదా! డ్రైవరుని అడిగితే పెదవి విరుస్తాడు. పాత ఇంజను ఎక్కడ మూలుగుతుందో, ఏ ఎత్తులో ఏ గేరు అడుగుతుందో అతని కాలికి తెలుసు. ఇప్పుడంతా మొదటికొచ్చింది. రవాణా శాఖ వారిది మధ్యేమార్గం. లారీ అంటే వాళ్ళ లెక్కలో ఛాసిస్ మీద కొట్టిన నంబరు. ఇంజను మారిస్తే వాళ్ళకి చెప్పుకుని, ఆర్.సి.లో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. లారీ మాత్రం పాతదే, దాని మీది అప్పూ పాతదే! ఇంజను మారింది గనక వాయిదాలు కట్టనంటే ఫైనాన్సు వాళ్ళు ఊరుకుంటారా?

ఈ చిక్కు లారీలతో పుట్టింది కాదు. గ్రీకుల వీరుడు థీసియస్ ఎక్కిన ఓడని ఏథెన్సు వాళ్ళు భద్రంగా దాచుకున్నారట. పుచ్చిన చెక్క పుచ్చినట్టు తీసి కొత్తది వేస్తూ వచ్చారు. ఆ ఓడ అదేనా కాదా అని తత్త్వవేత్తలు రెండు వర్గాలుగా విడిపోయారని ప్లూటార్కు రాశాడు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు తత్త్వవేత్త హాబ్స్ దానికి ఇంకో మెలిక వేశాడు: తీసేసిన పాత చెక్కలన్నీ ఒకడు పోగుచేసి మళ్ళీ ఓడ కడితే? అప్పుడు థీసియస్ ఓడ ఏది? ఆటోనగర్ పాత సామాను కొట్ల ముందు నిలబడితే హాబ్స్ గారి అనుమానం ఎంత న్యాయమైనదో తెలుస్తుంది.

మనవాళ్ళూ ఈ సంగతి ఆలోచించారు. క్రీస్తుకు పూర్వం మన వాయవ్య దిక్కున ఏలిన యవనరాజు మిళిందుడూ, నాగసేనుడనే బౌద్ధ భిక్షువూ మాట్లాడుకున్న సంగతి పాళీ గ్రంథంలో ఉంది. రాజు రథమెక్కి వచ్చాడు. "ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా?" అని ఒక్కొక్కటే అడిగాడు భిక్షువు. కాదు, కాదు అన్నాడు రాజు. "పోనీ వీటన్నిటినీ విడగొట్టి కుప్పపోస్తే ఆ కుప్ప రథమా?" అదీ కాదు! ఇవన్నీ తగినట్టు ఒకదానితో ఒకటి కూడి ఉన్నప్పుడే దానికి రథమని పేరు. మనిషీ అంతే అన్నాడు నాగసేనుడు.

ఇక భేతాళుడి కథ ఎరగని తెలుగు ఇల్లు లేదు. ఒక అమ్మాయి గుడిలో భర్త తలా, అన్న తలా తెగి పడి ఉండడం చూసింది. దేవి వరమిస్తే తొందరలో ఒకరి తల ఇంకొకరి మొండేనికి పెట్టింది. ఇద్దరూ లేచారు. ఇప్పుడు ఆమె భర్త ఎవరు? తల ఎవరిదో వాడే అన్నాడు విక్రమార్కుడు. సరైన తీర్పే కావచ్చు. కాని నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే సందేహం. ఆ అమ్మాయిని ఎవరైనా ఒక్క మాట అడిగారా? భేతాళుడూ అడగలేదు, మహారాజూ అడగలేదు. ఇద్దరూ శ్మశానం దారిలోనే తేల్చేశారు!

మనుషులకే ఇంజను మార్చే రోజులూ వచ్చాయి. 1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో డాక్టరు క్రిస్టియాన్ బర్నార్డ్ ఒక మనిషి గుండెని ఇంకో మనిషికి అమర్చాడు. ఆ రోగి 18 రోజులు బతికాడు. మన దేశంలో ఆ పని సఫలమైంది 1994 ఆగస్టు 3న. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆ బృందానికి పెద్ద మన రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పి. వేణుగోపాల్. గుండె మారినా భార్య భార్యే, పిల్లలు పిల్లలే అయినప్పుడు 'నా గుండెలో నువ్వున్నావు' అన్న మాటలన్నీ ఏమైనట్టు అని మా ఇంట్లో ఒకసారి పెద్ద చర్చే జరిగింది!

కాని నన్ను ఆలోచనలో పడేసింది వేరే సంగతి. గుండె మార్చేటప్పుడు రక్తనాళాలు కలిపి కుడతారు గాని, తెగిన సన్నని నరాలు కలపరట. కొత్త గుండె తనంత తానే కొట్టుకుంటుంది. అయితే మనం గబగబా మెట్లెక్కితే మన గుండె వెంటనే పరుగెత్తినట్టు అది పరుగెత్తదు. రక్తంలో నెమ్మదిగా కబురు అందాలి, అప్పుడు వేగం పెంచుకుంటుంది. ఆగడమూ అంత నిదానంగానే. ఏళ్ళు గడిస్తే కొన్ని నరాలు తిరిగి మొలవచ్చు. అంటే కొత్త చోట బతకడం వేరు, ఆ చోటితో కలవడం వేరు అన్నమాట. మొదటిది డాక్టరు చెయ్యగలడు. రెండోదానికి ఏళ్ళు పడుతుంది.

నాగసేనుడి మాటా, మేస్త్రీ టార్చిలైటూ, ఈ నరాల సంగతీ కలిపి చూసుకుంటే నాకు తోచింది ఇది. నేలమీద దుంగల మధ్య పెట్టిన ఇంజను అదే ఇంజను. ఒక్క నట్టూ తగ్గలేదు. కాని అది దేన్నీ లాగదు. దానికి నీళ్ళిచ్చే గొట్టం, డీజిలిచ్చే గొట్టం, బరువు మోసే మౌంటింగు, పని అందుకునే గేరుబాక్సు - ఈ బంధాలన్నీ ఉంటేనే అది ఇంజను. మనిషైనా అంతే కదా! కాబట్టి 'అదేనా, వేరేదా' అన్న ప్రశ్న పండితులకి వదిలేసి, మనం వేసుకోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఎత్తేవాళ్ళు ఏయే తీగలు విప్పారు, వాటిని మళ్ళీ ఎవరు కలుపుతారు?

ఆడపిల్లని అత్తవారింటికి పంపడం గుర్తురావడం లేదూ? ఇరవై పాతికేళ్ళు ఒక ఇంట్లో బిగిసి ఉన్న పిల్లని అప్పగింతల పాట అయ్యేలోగా ఎత్తేస్తాం. ఇంటిపేరు మారింది, గోత్రం మారింది, అయిపోయింది అంటాం. చీటీలు కట్టిన వాళ్ళెవరు? గీతలు గీసిన వాళ్ళెవరు? పైగా, సర్దుకుపోవలసింది ఎప్పుడూ వచ్చిన ఇంజనే! షెడ్డులో అలా జరగదు. వేరే మోడలు ఇంజను పెట్టాలంటే ఛాసిస్‌కి ఉన్న పాత బ్రాకెట్లు తీసి, కొత్త ఇంజనుకి తగ్గట్టు బ్రాకెట్లు అమరుస్తారు. ఇనుముకీ ఇనుముకీ మధ్య రబ్బరు దిమ్మలు వేస్తారు. అవి లేకుండా గట్టిగా బిగిస్తే అదురుకి ఏదో ఒకటి పగులుతుంది. క్లచ్ ప్లేటు నడిమధ్యకి రావడానికి ముందు ఒక డమ్మీ షాఫ్టు దూర్చి సరిచూస్తారు. ఇరుసు దూరకపోతే 'బోల్టులు బిగించెయ్, అదే దూరుతుంది' అనే కుర్రవాణ్ణి మేస్త్రీ తిట్టిన తిట్లు పత్రికలో రాయదగినవి కావు. బోల్టుల బలంతో దగ్గరికి లాగిన గేరుబాక్సు చెవి విరుగుతుందిట. బలవంతంగా దగ్గర చేసిన కాపురాలు మనం చూడనివా?

'బంధాలు తెంచుకోమనే కదమ్మా వేదాంతం చెబుతుంది, నువ్వేమిటి తీగలకి చీటీలు కట్టమంటావు?' అని పెద్దలు అడగవచ్చు. నిజమే. కాని సన్న్యాసం పుచ్చుకునేవాడు తన బోల్టులు తానే విప్పుకుంటాడు. ఒకరి వైరాగ్యాన్ని ఇంకొకరు నిర్ణయించడం ఏ వేదాంతం?

ఈ మాటలన్నీ ఊరికే రాయడం లేదు. మా అమ్మకి 78 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటోంది. నాన్న పోయి మూడేళ్ళయింది. పోయిన వానల్లో పెరట్లో కాలు జారి, మణికట్టు విరిగి, గంటసేపు లేవలేక పడి ఉంది. అప్పటినుంచీ హైదరాబాదులో ఉన్న మా తమ్ముడికి నిద్ర లేదు. "వచ్చే నెల మొదటి ఆదివారం కారు తీసుకొస్తానక్కా. రెండు సూట్‌కేసులు చాలు. ఇల్లు అమ్మకానికి పెట్టేద్దాం" అన్నాడు. వాడిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. వాడి భయం నిజం, ప్రేమ నిజం. పట్టేసిన ఇంజనుని కదపకుండా ఉంచడం కూడా పాపమే.

అయితే ఆ రెండు సూట్‌కేసుల్లో పట్టనివి లెక్కపెట్టాను. పొద్దున్నే పాలు పోస్తూ ఊరి కబుర్లన్నీ చెప్పే పాలమనిషి. బి.పి. చూడ్డానికి సైకిలు మీద వచ్చి కాఫీ తాగి వెళ్ళే ఆరెంపీ డాక్టరు. పక్కింటి పిల్ల ఎక్కాలు అప్పజెప్పేది అమ్మకే. రేడియోలో వార్తలు అయ్యాకే తులసికోటకి నీళ్ళు. బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి. ఒక్కొక్కటీ చిన్న తీగే. అన్నీ కలిస్తే మా అమ్మ.

తమ్ముడితో మేస్త్రీ సంగతి చెప్పాను. "అమ్మ లారీ ఇంజను కాదక్కా!" అన్నాడు విసుగ్గా. "కాదు గనకే చెబుతున్నానురా. ఇంజనుకే రోజంతా చూస్తారు. అమ్మకి ఒక ఆదివారం చాలంటున్నావు" అన్నాను. ఫోను అవతల చాలాసేపు మాట లేదు.

చివరికి ఒప్పుకున్న పద్ధతి ఇది. ఇల్లు ఇప్పుడు అమ్మం. అమ్మ పదిహేను రోజులు హైదరాబాదు వెళ్తుంది, తిరిగొస్తుంది. మళ్ళీ ఒక నెల వెళ్తుంది. అంటే ఒక అంగుళం ఎత్తి ఆగడమన్నమాట. ఏ తీగ లాగుతోందో చూసి, అక్కడ కలపగలిగింది కలపాలి. పెరట్లో పట్టుకోడానికి ఇనపకడ్డీ మాత్రం రేపే వేయిస్తున్నాం. మరదలు తన వంటింట్లో ఒక గట్టు అమ్మకి ఖాళీ చేస్తానంది, ఎవరూ అడగకుండానే. ఛాసిస్‌కి కొత్త బ్రాకెటు పడినట్టే!

ఇంతకీ అందరం మాట్లాడుకున్నాం గాని, భేతాళుడి కథలోలాగా అసలు మనిషిని అడగలేదేమోనని అమ్మకి ఫోను చేశాను. "నీకు అక్కడ ఏం కావాలమ్మా?" అన్నాను. టీవీ అంటుందేమో, విడిగా గది అంటుందేమో అనుకున్నాను.

"ఆ ఫ్లాటు తాళంచెవి నాకూ ఒకటి ఇస్తారా?" అంది.

చూశారా, అరవయ్యేళ్ళు ఒక ఇంటి తాళాలు బొడ్లో దోపుకున్న మనిషి అడిగింది ఒక్క తాళంచెవి! తలుపు తీసుకుని తనంత తాను బయటికెళ్ళి, తనంత తాను లోపలికి రాగలిగితే ఆవిడ ఎక్కడున్నా ఆవిడే. ఆ చెవి లేకపోతే పువ్వుల్లో పెట్టి చూసుకున్నా నేలమీద దించిన ఇంజనే.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకర్ని ఒక చోటినుంచి ఇంకో చోటికి ఎత్తబోతూ ఉండవచ్చు. కోడలు కావచ్చు, హాస్టలుకి పంపే పిల్లాడు కావచ్చు, ఉద్యోగం దిగిన మావగారు కావచ్చు. కొన్నిసార్లు ఎత్తక తప్పదు. ఎత్తండి. ఒక్క అంగుళం ఎత్తాక మాత్రం ఆగి, కిందికి వంగి చూడండి.